తడి ఆరేదాకా ఆగిన ఓమ్నీ: తిరుపతిలో ఒక పాత బండిని పడుకునే బండిగా మార్చిన పని, కేస్ స్టడీ

2024 అక్టోబరు 21న రేణిగుంట రోడ్డు వైపున్న మా షెడ్డుకు ఒక మారుతి ఓమ్నీ వచ్చింది. 2009లో ఏపీ 03 నంబరుతో చిత్తూరులో రిజిస్టరైన ఐదు సీట్ల బండి అది. 796 సీసీ పెట్రోలు ఇంజను, మీటరు మీద ఎనభై ఎనిమిది వేల కిలోమీటర్ల చిల్లర. పదిహేనేళ్ల గడువు ఆ ఏడాదే నిండడంతో యజమాని ఫిట్‌నెస్ చూపించి, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకుని మరీ తెచ్చారు. ఆయన చిత్తూరు వైపు ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆయనా, మేం అమ్మ అని పిలిచే ఆయన భార్యా కలిసి హంపి, లేపాక్షి, గండికోట చూడాలని, రాత్రిపూట లాడ్జీల కోసం వెతుక్కోకుండా బండిలోనే పడుకోవాలని, ఉదయం కాఫీ తామే కాచుకోవాలని వారి కోరిక. డిసెంబరు ఐదు నాటికి బండి చేతికిస్తానని నేను మాటిచ్చాను. ఇచ్చింది ఫిబ్రవరి 12న. నలభై అయిదు రోజులనుకున్న పని నూటపద్నాలుగు రోజులు ఎందుకు పట్టిందో, ఆ ఆలస్యంలో ఎంత భాగం నా తప్పో, ఎంత భాగం ఈ ప్రాంతపు వాతావరణమో ఈ రాతలో వివరంగా చెప్పదలచుకున్నాను.

ముందుగా చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అందువల్ల టాప్ కోసి ఎత్తు పెంచడం, పక్క రేకుకు కిటికీ తెరవడం వంటివి ఈ బండికి మొదటి రోజే వద్దనుకున్నాం. వెనక సీటును తీసేయలేదు, వీపు మడిచే ఏర్పాటును అలాగే ఉంచాం. పరుపు పలక, సామాన్ల పెట్టె, బ్యాటరీ పెట్టె అన్నీ ఉన్న బోల్టు రంధ్రాలకే బిగిసి, రెండు స్పానర్లతో గంటలోపు ఊడివచ్చేలా గీసుకున్నాం. ముందు సీట్ల వెనక నుంచి డిక్కీ తలుపు దాకా మా టేపుకు 1,760 మిల్లీమీటర్లు వచ్చింది. సార్ ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. కాళ్లు చాపుకోవడానికి సరిపోతుంది.

మొదటి పది రోజుల్లో సీట్లు, మ్యాట్లు, లోపలి అట్టలు అన్నీ విప్పాం. ఓమ్నీలో తుప్పు ఎక్కడ పడుతుందో ఈ బండ్లు చూసిన ప్రతి టింకరుకూ (రేకు పనివాడికి) తెలుసు: డ్రైవరు కాళ్ల దగ్గరి నేల, జారుడు తలుపు కింది పట్టాలు, వెనక చక్రాల డోములు (చక్రాల మీది గుండ్రటి రేకు కప్పులు), టాప్ అంచున వాన నీరు పారే గాడి. మొదటి రెండు చోట్లా వేలు పెడితే రేకు పొడిపొడిగా రాలింది. పెట్రోలు ట్యాంకు దించి, బ్యాటరీ తీగలు విప్పి, మా టింకరు 20 గేజి రేకుతో రెండు అతుకులు సీవోటూ వెల్డింగుతో వేశాడు. డోములు బాగానే ఉన్నాయి. టాప్ గాడి మీద నిగనిగలాడే పెయింటు, దాని కింద నిండుగా సిలికాన్ కనిపించడంతో ఇదివరకెవరో శ్రద్ధగా మూసిన పనేనని నమ్మాను. దాన్ని గీకి చూడలేదు. ఈ కేసు మొత్తానికి మూలం ఆ ఒక్క నమ్మకం.

నేల కింద నీరు

ఇక్కడ చలికాలమంటే చలి కాదు, తడి. మనకు ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. దేశంలో చాలా చోట్ల షెడ్లకు పని ఊపందుకునే కాలంలోనే తిరుపతి, చిత్తూరు, నెల్లూరు వైపు బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పోగానే మరొకటి వస్తుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. 2024లోనూ అక్టోబరు మధ్యలో ఒక వాయుగుండం, నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుపాను, డిసెంబరు రెండో వారంలో మళ్లీ వానలు. ఇవన్నీ తెలిసి కూడా నేను నలభై అయిదు రోజుల లెక్క వేశాను.

నవంబరు 18 నుంచి 27 దాకా లోపలి నేలకు, పక్కలకు నైట్రైల్ ఫోమ్ అతికించాం. ఏసీ డక్టుల వాళ్లు వాడే ఈ నల్లటి రబ్బరు షీటును నేను థర్మోకోలు కంటే, దూది రకాల కంటే మేలని ఎంచుకుంటాను, ఎందుకంటే దాని రంధ్రాలు మూసుకుని ఉంటాయి గనుక నీటిని పీల్చుకోదు, వంపులకు ఒదుగుతుంది, మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఎండకు టాప్ రేకు వేడిని లోపలికి రాకుండా బాగా ఆపుతుంది. దాని మీద 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ జిగురుతో పరిచాం. మరుసటి రోజు షెడ్డులోకి ఒక అర్జంటు బండి రావడంతో ఓమ్నీని బయట పెట్టాను. తుపాను రెండు రాత్రులూ అది వానలోనే నిలబడింది.

డిసెంబరు 2 ఉదయం డిక్కీ తలుపెత్తగానే నానిన కట్టె వాసన కొట్టింది. ప్లైవుడ్ పైభాగం పొడిగానే ఉంది. ఎడమ వెనక మూల చెక్కను ఉలితో లేపితే దాని అడుగు కాఫీ రంగులోకి మారి ఉంది, తేమ మీటరు పిన్నులు గుచ్చితే 27 శాతం చూపింది. పరిచేటప్పుడు అదే చెక్క 11 దగ్గర ఉండేది. ఫోమ్ నీటిని పీల్చలేదు, నిజమే, కానీ రేకుకూ ఫోముకూ మధ్య జిగురు పట్టని సన్నటి సందుల్లో నీరు చేరి కదలకుండా నిలిచింది. కొత్తగా వేసిన అతుకు పక్కనే నారింజ రంగు మరక అప్పుడే మొదలైంది. అది చూసినప్పుడు నాకు కలిగిన భయం ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే వాన రాకుండా ఉంటే ఆ చెక్కను ఎవరూ లేపేవారు కాదు, బండి అలాగే వెళ్లిపోయేది, రెండు మూడేళ్లలో తుప్పు నేలను లోపల్నుంచి తినేసేది.

ఆ రోజే చిత్తూరుకు ఫోన్ చేసి సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు ఆగి, "హంపి ఎక్కడికీ పోదు కదయ్యా, సరిగ్గా చెయ్యి" అన్నారు. పాడైన ప్లైవుడ్, ఫోమ్, జిగురు ఖర్చు 9,400 రూపాయలు నేనే భరించాను. బండిని వానలో పెట్టింది నేను, గాడిని గీకి చూడనిది నేను.

ముగ్గుపిండి పరీక్ష

నీరు ఎక్కణ్నుంచి వస్తోందో కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. వెనక అద్దం రబ్బరు బీడింగే కారణమని నా మొదటి అనుమానం. పాత బండిలో నీరు కనిపించే చోటు ఒకటి, దూరే చోటు మరొకటి. రేకు లోపలి వంపుల వెంట అది అడుగుల కొద్దీ ప్రయాణం చేస్తుంది. అందుకని లోపలంతా తుడిచి, లైట్లు పెట్టి పూర్తిగా ఆరబెట్టి, నేల మీద, డోము మీద, వెనక స్తంభం అడుగున ముగ్గుపిండి పలుచగా చల్లాం. పొడి పిండి తెల్లగా ఉంటుంది, ఒక్క చుక్క పడినా ఆ చోటు బూడిద రంగుకు తిరుగుతుంది.

బయటినుంచి పైపుతో నీరు పట్టేటప్పుడు కింది నుంచి పైకి పోవాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్ని చోట్లా జారి, ఏ కంత దొంగదో తెలియకుండా పోతుంది. మా కుర్రాడు బయట పైపు పట్టుకుని తలుపు అడుగున ఐదు నిమిషాలు, దీపం చుట్టూ ఐదు, అద్దం కింది అంచున ఐదు, పై అంచున ఐదు, ఇలా ఒక్కో మెట్టు ఎక్కుతుంటే నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. అద్దం మొత్తం దాటినా పిండి తెల్లగానే ఉంది. నీరు టాప్ గాడిని తాకిన రెండో నిమిషంలో ఎడమ స్తంభం అడుగున ఉన్న తెల్లటి గీత మధ్యలో బఠాణీ గింజంత మచ్చ కనిపించింది. చూస్తుండగానే అది తోకలా సాగి, డోము వంపు మీదుగా జారి, సరిగ్గా మేం చెక్క లేపిన మూలకు చేరింది.

గాడిలోని సిలికాన్‌ను బ్లేడుతో లేపితే పట్టీలాగా ఒకే ముక్కగా ఊడి వచ్చింది, దాని అడుగున తుప్పు పొర అంటుకుని ఉంది. తుప్పు మీదే సిలికాన్ నింపి, ఆ పైన పెయింటు కొట్టారు. పైగా ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఒట్టి ఇనుప రేకుకు అది మంచిది కాదు. బాత్రూము టైల్సుకు సరిపోయే సరుకు బండి రేకుకు సరిపోదని కస్టమర్లకే కాదు, తోటి పనివాళ్లకూ చెప్పాల్సి వస్తోంది. వైరు బ్రష్షుతో గీకిన తర్వాత వెనక ఎడమ వైపు దాదాపు 400 మిల్లీమీటర్ల పొడవునా మూడు కంతలు, మధ్యలో కాగితంలా పలుచబడిన రేకు బయటపడ్డాయి.

వెల్డింగు కోసం నిరీక్షణ

మా టింకరు నవంబరు 16న అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్షలో కాలికి చెప్పులుండవు. వెల్డింగు రవ్వలు, గ్రైండరు తునకలు రాలే చోట ఒట్టి కాళ్లతో పని చేయించడం నేను ఒప్పుకోను. దీక్షలో ఉన్నవారికి మా షెడ్డులో కొలతలు, గీతలు, తూకాలు, సామాను తేవడం వంటి పనులే ఇస్తాం. అతను గాడి మీద వేలితో తట్టి, సుద్దముక్కతో కంతల చుట్టూ గుర్తు పెట్టి, "సామీ, పైన చూస్తే బాగానే ఉండాది, లోన ఏమీ లేదు. ఇంకో జానెడు కోయాల" అన్నాడు. తర్వాత కోసి చూస్తే అతను చెప్పిన కొలతే నిజమైంది.

వేరే వెల్డరును పిలవచ్చు కదా అని సార్ అడిగారు. పిలవచ్చు. కానీ టాప్ అంచు రేకు సన్నం. వేడి ఒకే చోట నిలిస్తే టాప్ అంతా అలలుగా లేస్తుంది. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క నాలుగు అంగుళాల అవతల, మళ్లీ వెనక్కి వచ్చి మధ్యలో ఒకటి, ఇలా తడిగుడ్డతో చల్లార్చుకుంటూ కుట్టుకుంటూ పోయే ఓపిక అందరికీ ఉండదు. అంతకు మించి, అప్పుడు వెల్డింగు చేసినా పెయింటు వేసే వీలు లేదు. వెల్డు చేసిన ఒట్టి రేకును ఆ తేమలో రెండు వారాలు వదిలితే మళ్లీ తుప్పే. కాబట్టి ఆగడమే సరైనదని నిర్ణయించాను. ఆ నిర్ణయం మీద నాకిప్పటికీ సందేహం లేదు.

పెయింటుకు ఎందుకు వీలు లేదో ఇక్కడ కొంచెం వివరించాలి. పూత వేసే రేకు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత (మంచు స్థానం) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది పెయింటు పనిలో పాత నియమం. డిసెంబరు ఉదయాల్లో మా షెడ్డులో 24 డిగ్రీలు, 85 శాతం తేమ ఉండేది. ఆ లెక్కకు మంచు స్థానం 21.3 డిగ్రీలు, అంటే గాలికే తేడా మూడు డిగ్రీల లోపు, రాత్రంతా చల్లబడిన రేకుకు ఇంకా తక్కువ. కంటికి పొడిగా కనిపించే రేకు మీద అప్పుడు కనపడని తడి పొర ఉంటుంది. పీయూ (పాలియురెథేన్) పెయింటులో కలిపే హార్డెనరు ఆ తడితో కలిసి బుడగలు లేపుతుంది. గుంటలు పూడ్చే పుట్టీ అయితే మరీ ఘోరం, ప్రైమరు లేకుండా వదిలిన పుట్టీ గాలిలోని నీటిని స్పాంజిలా తాగుతుంది. జనవరి మొదటి వారంలో ఎండ వచ్చాక మధ్యాహ్నం 29 డిగ్రీలు, 60 శాతం తేమ నమోదైంది, మంచు స్థానం 20.5 దగ్గరకు దిగింది. అప్పుడు పదకొండు నుంచి మూడు గంటల మధ్య మాత్రమే పూత పని పెట్టుకున్నాం.

ఈలోగా బల్ల మీద

బండి ఆరుతుండగా విద్యుత్తు పని అంతా బల్ల మీద పూర్తి చేశాం. వాడకం లెక్క ఇలా తేలింది: లైట్లు 10 వాట్లు నాలుగు గంటలు, రెండు ఫ్యాన్లు కలిపి 24 వాట్లు ఎనిమిది గంటలు, చిన్న కంప్రెసరు ఫ్రిజ్ సగటున 18 వాట్లు రోజంతా, ఫోన్లకు ఒక నలభై వాట్ అవర్లు. మొత్తం రోజుకు సుమారు 700 వాట్ అవర్లు. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 1,280 ఉంటాయి. అందులో ఎనభై శాతమే వాడతామనుకున్నా దాదాపు ఒకటిన్నర రోజు నడుస్తుంది. ఇంజను నడిచేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఓమ్నీలో చిన్నది గనుక, దాన్నుంచి ఈ బ్యాటరీని నింపే చార్జరును 10 ఆంపియర్లకే కట్టడి చేశాం. ఐదు గంటలు బండి నడిస్తే రోజు వాడకంలో చాలా భాగం తిరిగి చేరుతుంది. ముందు బ్యాటరీ నుంచి వెనక పెట్టెకు తీగ దూరం నాలుగు మీటర్లు, రానూపోనూ ఎనిమిది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే 10 ఆంపియర్ల దగ్గర అర వోల్టుకు పైగా పోతుంది. అప్పుడు ఇంజను నడుస్తున్నా ఆగిపోయిందనుకుని చార్జరు పని మానేసే అవకాశం ఉంది. 6 చదరపు మిల్లీమీటర్ల తీగతో నష్టం పావు వోల్టు లోపే ఉంది, అదే వేశాం. రెండు చివర్లా బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజులు.

గ్యాసు స్టవ్వు లోపల అమర్చడానికి నేను ఒప్పుకోలేదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, కారితే నేల మీద, పరుపు కింద పేరుకుంటుంది, అంత చిన్న బండిలో పడుకున్నవారికి తప్పించుకునే దారి ఉండదు. అమ్మ మొదట చిన్నబుచ్చుకున్నారు. డిక్కీ తలుపు పైకి లేస్తే గొడుగులా నీడ వస్తుంది కదా, స్టవ్వును దించి దాని కింద పలక మీద పెట్టుకోండని చేసి చూపించాక, నిలబడి వంట చేసుకోవడమే నడుముకు సుఖంగా ఉందన్నారు.

బరువు గురించి కూడా ఈ ఖాళీలోనే మళ్లీ ఆలోచించాం. ఎనిమిది నాలుగు అడుగుల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటే ముప్పై కిలోలు దాటుతుంది. మొదటి గీతలో అలాంటివి రెండున్నర షీట్లు ఉన్నాయి. వాటి స్థానంలో అల్యూమినియం చట్రం, 9 మిల్లీమీటర్ల చెక్క పెట్టాక ముప్పై కిలోలకు పైగా తగ్గింది. ఓమ్నీ సన్నగా, ఎత్తుగా ఉంటుంది, వెనక కమాన్ కట్టల మీద నడుస్తుంది. అందుకే బ్యాటరీ, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా నేలకు ఆనించి, వెనక ఇరుసుకు ముందు వచ్చేలా పెట్టాం. అదే బరువు డిక్కీ తలుపు దగ్గర పెట్టి ఉంటే ఘాట్ మలుపుల్లో తోక ఊగేది.

జనవరి తర్వాత

టింకరు శబరిమల వెళ్లి వచ్చి, మాల తీసి, డిసెంబరు 30న బూట్లు వేసుకుని పని మొదలుపెట్టాడు. గాడి ముక్క కోసి కొత్తది కుట్టడానికి రెండు రోజులు. తుప్పు మిగిలిన మూలలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం, ఎపాక్సీ ప్రైమరు, అతుకు వెంట పాలియురెథేన్ సీలెంటు, పైన పెయింటు, స్తంభం లోపలికి పొడవాటి గొట్టంతో మైనపు పూత. జనవరి 9కి ఇవి ముగిశాయి. సంక్రాంతికి అందరూ ఊళ్లకు పోయారు. ఆ వారం బండిని ఖాళీగా, తలుపులు తెరిచి, ఎండ తగిలేలా వదిలేశాం. తిరిగి వచ్చాక మళ్లీ ముగ్గుపిండి చల్లి, ఈసారి గాడి మీద నలభై నిమిషాలు నీరు పట్టాం. పిండి చెక్కుచెదరకుండా తెల్లగా ఉంది. అప్పుడే ఫోమ్, చెక్క పరవడానికి అనుమతిచ్చాను. ఈసారి చెక్కను జిగురుతో కాకుండా స్క్రూలతో బిగించాం, నాలుగు మూలలా చేయి పట్టేంత మూతలు పెట్టాం. నేలను ఎప్పుడైనా తెరిచి చూసుకోవచ్చు.

ఫిబ్రవరి 8న నేనూ కుర్రాడూ సామాను, నీళ్లు నింపుకుని భాకరాపేట ఘాట్ మీదుగా మదనపల్లె, అక్కణ్నుంచి హార్స్‌లీ కొండకు వెళ్లాం. ఘాట్‌లో రెండో గేరు దాటలేదు, వేడి ముల్లు మధ్యలోనే నిలిచింది. కొండ మీద రాత్రి మా మీటరు 14 డిగ్రీలు చూపింది. రెండు వైపులా అద్దాలు వేలెడు దించి, ఒక ఫ్యాను తిప్పుకుని పడుకున్నాం. ఉదయం చూస్తే ముందు అద్దం లోపలి వైపు మా ఊపిరి తడితో మసకబారి ఉంది. ఫోమ్ అంటించిన టాప్, పక్కలు పొడిగా ఉన్నాయి. డిక్కీ తలుపు కింది అంచున తాళం కోసమని మేం ఫోమ్ వేయకుండా వదిలిన రెండు వేళ్ల వెడల్పు రేకు మీద మాత్రం చుక్కలు వరుసగా కట్టి, ఒకటి రెండు పరుపు మీదకు రాలాయి. మూత తెరిచి నేల చెక్కకు మీటరు గుచ్చితే 11 శాతం.

తిరిగి వచ్చి ఆ అంచుకు తాళం మేరకు కోసిన ఫోమ్ పట్టీ అంటించి, ఫిబ్రవరి 12న బండిని చిత్తూరుకు నడిపి ఇచ్చాను. సార్‌కు ఒక కాగితం రాసిచ్చాను: ప్రతి ఏడూ సెప్టెంబరు నెలాఖరుకు, ఈశాన్య వానలకు ముందే, నాలుగు మూతలూ తీసి నేల చూడాలి, గాడిలో చెత్త తీయాలి, ముగ్గుపిండి చల్లి పైపుతో పరీక్షించాలి. అమ్మ ఆ కాగితం చదివి లోపలికి వెళ్లి, ఒక హార్లిక్స్ సీసా నిండా ముగ్గుపిండి తెచ్చి సామాన్ల పెట్టెలో ఓ మూలన పెట్టారు.